నాణెపు తప్పునకు టీకా తాత్పర్యం

మూలం: "ఇది టంకసాలలోనే పడిన తప్పు సామీ! పదివేలకు పైసా తగ్గేది లే."

అవతారిక: ఒక పక్క అర్ధచంద్రాకారంలో అంచు పోయిన రూపాయిని వంగి చూస్తున్న సేకర్తతో వర్తకుడు పలికిన వాక్యమిది. పుంగనూరు సంత ప్రతిలో ఇలాగే ఉంది. మదనపల్లె పాఠంలో 'సామీ'కి బదులు 'సార్'. కుప్పం పాఠంలో 'మింటు ఎర్రరు'. మూడు రాష్ట్రాలు కలిసే చోట తెలుగు, తమిళ, కన్నడాలకు తగవు లేకుండా ఇంగ్లీషే సాధువని పెద్దలు. ధర మాత్రం అన్ని పాఠాలలోనూ ఒకటే.

ప్రతిపదార్థం: ఇది = వర్తకుడి చెయ్యి దాటి ఇంకా కాటా ఎక్కని ఈ నాణెం; టంకసాలలోనే = ముంబై, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడాలలో ఒకచోటనే (సంవత్సరం కింద నక్షత్రముంటే హైదరాబాదు, చుక్కయితే నోయిడా, వజ్రాకారమైతే ముంబై, ఏమీ లేకుంటే కోల్‌కతా); పడిన = తనంతట తాను సంభవించిన; తప్పు = లోపం, అమ్మేవేళ గుణం; సామీ = అనుమానిస్తున్న ఓ కొనుగోలుదారుడా; పదివేలకు = బేరం మొదలయ్యే మెట్టుకు; తగ్గేది లే = విపరీత లక్షణ చేత, తగ్గును.

టీక: 'లోనే' అన్న ఏవకారం ఇక్కడ ప్రాణం. వైసు, ఆకురాయి, సుత్తి, యాసిడ్ సీసా దీనివల్ల వారింపబడుతున్నాయి. నిజంగా వారింపబడ్డాయా అన్నదే విచారణ.

నాణెం పుట్టుకకు మూడు మెట్లు: రేకులోంచి బిళ్ల కోత, బిళ్లకు అంచు లేపడం, రెండు అచ్చుల మధ్య దెబ్బ. రేకు సరిగా జరగక, కోత ముందటి రంధ్రం మీద పడితే బిళ్ల కొరతతో పుడుతుంది. అంచు లేపేటప్పుడు కొరత ఉన్న చోట ఒత్తిడి అందదు కాబట్టి, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా పలచబడుతుంది. ఆకురాయితో అరగదీసినవాడు ఈ ఎదురంచు సంగతి మరిచిపోతాడు. అది నిండుగా ఉండి, కొరత దగ్గర అక్షరాలు కత్తితో కోసినట్టు తెగితే, అది చేతిపనే.

లఖీ అనేది రెండో జాతి. కొట్టిన నాణెం అచ్చుకే అతుక్కుంటే, తరవాతి బిళ్లకు ఒకవైపు సింహాలు ఉబ్బెత్తుగా, రెండోవైపు అవే సింహాలు లోతుగా, తిరగబడి పడతాయి. రెండు నాణేలను వైసులో బిగించినా లోతు గీతలు వస్తాయి. కానీ వాటి అడుగున పాత బొమ్మ నలిగి మిగిలే ఉంటుంది. అచ్చు తిరిగిన జాతి మూడోది. మన నాణేన్ని పక్కకు తిప్పితే రెండో ముఖమూ నిటారుగా నిలవాలి. అచ్చు తిరిగితే వాలుతుంది. రెండు ముక్కలు అతికించి దీన్ని తయారుచేస్తే అంచు లోపల అతుకు గీత కనబడుతుంది, మోగిస్తే బండగా పలుకుతుంది.

పూర్వపక్షం: బొమ్మ పక్కకు జరిగిన నాణేలన్నీ తప్పులే కదా?

సిద్ధాంతం: కావు. మదనపల్లెకు దాపునున్న గుర్రంకొండ టిప్పు హయాంలో జఫరాబాద్ పేరుతో టంకసాల. ఆ కాలపు ఏనుగు పైసాలలో కొన్నింటికి తొండం ఉండి తోక ఉండదు. సుత్తి చేతిలో ఉన్న రోజుల్లో అది స్వభావమే. తప్పని ఎక్కువ ధర అడగరాదు.

అలంకారం: కొనేవాడిది సందేహం. పది రూపాయల నాణెం చూసి వద్దనే అంగడివాడిది భ్రాంతిమంతం. రూపాయి గుర్తున్న దానిపై పది కిరణాలు, లేనిదానిపై పదిహేను ఉన్నాయని వాదించేవారికి, 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు 14 నమూనాలూ చెల్లుతాయని చెప్పింది. అసలును నకిలీ అనడం, నకిలీని తప్పు అనడం ఒకే రోగానికి రెండు కొసలు.

తాత్పర్యం: ఏ మెట్టులో, ఎందుకు జరిగిందో చెప్పగలిగితేనే తప్పు. చెప్పలేకపోతే ఎవరో పనిగట్టుకుని చేసిన పని. నాణేన్ని కరిగించినా, ధ్వంసం చేసినా 2011 నాటి నాణేల చట్టం ఏడేళ్ల వరకు జైలు చూపిస్తుందని గ్రహించవలెను.

ఫలశ్రుతి: భూతద్దం, కాటా, అయస్కాంతం త్రయాన్ని వెంట ఉంచుకుని, 1992 తరహా స్టీలు రూపాయి 4.85 గ్రాములు తూగాలనీ, అయస్కాంతానికి అంటాలనీ స్మరిస్తూ ఈ టీకను పఠించి సంతకు వెళ్లేవారికి, "మెట్టు ఏదబ్బా?" అని అడిగినంతనే పదివేలు ఐదువందలగును. వర్తకుడు చెప్పగలిగితే మాత్రం, బేరం కొనసాగించవచ్చును.