తిన్నింటి క్యాలరీలు లెక్కపెట్టే దొరలకు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి వెనకటికి కృతఘ్నుడనేవారు. ఇప్పుడతను తిన్నింటి క్యాలరీలు లెక్కపెడుతున్నాడు. ఆరోగ్యస్పృహ ఉన్నవాడని మెచ్చుకుంటున్నాం. పెళ్లికి పిలిస్తే వచ్చి బంతిలో కూర్చుంటాడు, ఆకు మీద నీళ్లు చిలకరించి ఫోన్ తీస్తాడు.

"ముద్దపప్పు ఎన్ని గ్రాములు వేశావు బ్రదర్?"

"గరిటెడు వేశానండి."

"గరిటెకి ఎంత పడుతుంది?"

"మీరు పట్టించినంత పడుతుందండి" అని వడ్డించేవాడు బకెట్టుతో ముందుకు సాగిపోతాడు. పక్కాకు పెద్దాయన పప్పులో ఆవకాయ, నెయ్యి కలుపుకుని నాలుగో ముద్దలో ఉంటాడు. ఈయన ఇంకా యాప్‌లో పూర్ణం బూరె కోసం వెతుకుతుంటాడు. అది దొరక్క, 'స్వీట్ డంప్లింగ్, ఫ్రైడ్, ఒకటి' అని ఎక్కించుకుని తృప్తిపడతాడు. తిన్నది మూడు.

ఇంట్లో అయితే భాగోతం మరీ నిష్ఠగా సాగుతుంది. వంటింటి గట్టు మీద డిజిటల్ కాటా. ఇడ్లీ తూస్తారు, ఓట్స్ తూస్తారు, ఐదు గ్రాములు మొగ్గితే ఇడ్లీ అంచు గిల్లి పక్కన పెడతారు. రాత్రికి లెక్క తేలుతుంది: 1,487 క్యాలరీలు. కార్బ్స్ 40 శాతం, ప్రొటీన్ 30, ఫ్యాట్ 30. అందమంతా ఆ చివరి ఏడులోనే ఉంది.

దొరగారూ, ఆ లెక్క పుట్టిల్లు ఎక్కడో తెలుసా? 1890లలో విల్బర్ అట్‌వాటర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త మనుషుల్ని గదిలాంటి యంత్రంలో రోజుల తరబడి ఉంచి వాళ్లు తిన్నదీ, విసర్జించిందీ, ఒంటి నుంచి వెలువడిన వేడీ కొలిచాడు. గ్రాము పిండిపదార్థానికి 4, ప్రొటీన్‌కు 4, కొవ్వుకు 9 అనే అంకెలు ఆయన కృషి ఫలితమే. గొప్ప పని. కానీ అవి సగటులు. సగటును ఆయన సగటుగానే చూశాడు, మీరు శిలాశాసనం చేశారు.

2012లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు మనుషులకు బాదంపప్పు పెట్టి పరీక్షించారు. పాత లెక్కన 28 గ్రాములకు 170 దాకా రావాలి. ఒంటికి అందింది 129. మిగతాది అరగని పలుకుల్లో ఉండిపోయి, వచ్చిన దారిన కాక రెండో దారిన వెళ్లిపోయింది. ఇక డబ్బా మీది అంకె సంగతి. రాసినదానికంటే లోపల 20 శాతం దాకా ఎక్కువున్నా అమెరికా చట్టం చూసీ చూడనట్టు పోతుంది. చట్టమే 20 శాతం వదిలేస్తుంటే మీరు ఇడ్లీ అంచు గిల్లుతున్నారు. కాకిలెక్కకు బ్యాటరీ తోడైంది, అంతే.

పోనీ, ఆ 9 అనే అంకెనైనా గౌరవించారా? నెయ్యి చుక్క ఆకు మీద పడితే ఉలిక్కిపడతారు. అదే ఇటలీ నుంచి దిగిన ఆలివ్ నూనె అయితే 'గుడ్ ఫ్యాట్' అని సీసా వంచేస్తారు. దాని మంచి గుణాలు దానివి, కాదనం. కానీ కొవ్వుకు పాస్‌పోర్టు ఉండదు. గానుగ నువ్వులనూనైనా, విమానం ఎక్కి వచ్చిన ఆలివ్ నూనైనా గ్రాముకు 9.

తెలుగువాడి కంచంలో ఎప్పుడూ ఒక విలన్ ఉండాలి. ఒక గురువుగారు ఉప్పూ నూనే శత్రువులన్నారు, ఇల్లిల్లూ చప్పిడి కూడు తిన్నది. ఇంకొకాయన వచ్చి అన్నం మానెయ్యండి, కొవ్వు తినండి అన్నారు, తలకు రాసుకునే కొబ్బరినూనె గొంతులో పోసుకున్నాం. మరొకాయన సిరిధాన్యాలన్నారు. పేదవాడి గంజిలో కొర్రలు షోకు సరుకై అద్దాల దుకాణానికి ఎక్కాయి. కొర్రల్లో పీచు ఎక్కువ, మంచిదే. కానీ క్యాలరీల్లో బియ్యానికీ వాటికీ పెద్ద తేడా లేదు. 'మిల్లెట్ కదా' అని రెండింతలు లాగించినవాడి బెల్టు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టింది.

ఇప్పుడు ప్రొటీన్ యుగం నడుస్తోంది. బిస్కెట్‌లో ప్రొటీన్, ఐస్‌క్రీమ్‌లో ప్రొటీన్. పెసరట్టు మాత్రం పాపం పాతకాలపు టిఫినే. జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాద్‌కు కాపురం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అన్నది దాని మాతృసంస్థ ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క. అరవై కిలోల మనిషికి 50 గ్రాములు. కండల కోసం పొడుల జోలికి పోవద్దని 2024 మార్గదర్శకాల్లో చెప్పారు కూడా. వినేదెవరు? మెట్రో ఎక్కితే అందే జ్ఞానం జ్ఞానమా! సీలు వేసిన డబ్బాలో రావాలి, డబ్బా మీద చొక్కా లేని మనిషి ఉండాలి.

ఆ డబ్బాతో పాటు క్రియాటిన్ కూడా కొంటారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని 1927లో ఫిస్క్‌తో కలిసి లోకానికి చెప్పినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మన జిమ్ వీరుణ్ణి సుబ్బారావు ఎవరని అడిగి చూడండి. "ఏ ఏరియాలో ఉందండీ ఆ హోటల్?" అంటాడు.

తమాషా ఏమిటంటే, మందు దొంగదైనా జబ్బు నిజమే. మన దేశంలో క్యాలరీల్లో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని 2025లో ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. కంచం చూసినా తెలుస్తుంది: మధ్యలో అన్నం కొండ, దాని చుట్టూ పప్పు పేరు చెప్పుకుని బతికే చారు. అన్నం గరిటె ఒకటి తగ్గించి, పప్పో ఉలవలో గుడ్డో పెరుగో ఒక గరిటె పెంచితే సగం పని అయిపోతుంది. అందులో ఫొటో తీసి పెట్టుకునేదేమీ లేదు. అదే దాని లోపం.

ఇంతకీ ఆ గ్రాములు తూచి వండేదెవరు? ఆయనకు నూనె లేని చికెన్, పిల్లలకు నూడుల్స్, అత్తగారికి జొన్నరొట్టె చేసిపెట్టి, గిన్నె అడుగున మిగిలిన అన్నంలో చారు పోసుకుని నిలబడే తినేస్తుంది ఒకావిడ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కార్బ్స్, ప్రొటీన్, ఫ్యాట్ అనే మూడు గడుల పట్టికలో ఇనుముకు గడి లేదు. ఆవిడకూ లేదు.

గ్రాములు లెక్కపెట్టే మరో చోటు ఉంది, దొరగారూ. సర్కారు బడి వంటగది. ప్రాథమిక పాఠశాల పిల్లకు మధ్యాహ్నం 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఇవ్వాలని కేంద్రం నిబంధన. అందుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. బియ్యం కాక పప్పు, కూరగాయ, నూనె, పోపు, వంటచెరకు అన్నీ కలిపి పిల్లకు 2025 మే నుంచి 6 రూపాయల 78 పైసలు. మీరు షేకర్‌లో గిలక్కొట్టే ఒక్క చెంచా పొడి ఖరీదుతో పదిమంది పిల్లల మధ్యాహ్నం గడిచిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ వంతుగా గుడ్డు కలిపాయి కనుక సరిపోయింది. లేకపోతే ఆ 12 గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయో కూడి చూడండి. 20 గ్రాముల పప్పులో ఐదు గ్రాములు దాటవు. మిగిలినవి బియ్యంలోనే వెతుక్కోవాలి. మీరు విషమని ఆకు పక్కకు నెట్టిన అన్నమే, ఆ పిల్ల ఖాతాలో ప్రొటీన్.

ఆ లెక్కకు మాత్రం ఇంతవరకు ఎవరూ యాప్ తయారుచేయలేదు. చేసినా, నెలనెలా చందా కట్టేదెవరు?