మాస్టారి లెక్క

కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ నడుస్తున్న 2018 ఏప్రిల్‌లో మా లెక్కల మాస్టారు తన ట్యూషను పిల్లలకు ఒక భాగహారం ఇచ్చారు. ఫేస్‌బుక్‌లో ఆ గొడవకు మూలమైన క్విజ్ యాప్‌ను మన దేశంలో పెట్టుకున్నవాళ్ళు 335 మంది. వాళ్ళకు స్నేహితులైన పాపానికి వివరాలు బయటికి పోయి ఉండవచ్చని ఫేస్‌బుక్ కంపెనీయే లెక్క చెప్పినవాళ్ళు 5,62,120 మంది. ఒక్కొక్కరు ఎంతమందిని అప్పగించినట్టు?

దాదాపు 1,678 మందిని.

"ఆ మూడొందల ముప్ఫై అయిదు మందిలో చెడ్డవాడు ఒక్కడూ ఉండి ఉండడురా," అన్నారట మాస్టారు. "సరదాకి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పారు, అంతే. కానీ వాళ్ళు ఇచ్చేసింది వాళ్ళ సొమ్ము కాదు."

నేనూ ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాణ్ణే. ఇప్పుడు వకీలుని. వ్యక్తిగత గోప్యత గురించి ఆయన మాట్లాడినంత నిక్కచ్చిగా మా బార్‌లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి అనీ, వేసేనాటికే ఎనభై దాటినాయన అనీ పత్రికలో చదివి, "ఆ వయసులో ఆయన తనకోసం వేసుకున్నాడంటావా?" అని నన్ను అడిగారు.

సూపర్‌మార్కెట్ కౌంటర్లో ఫోన్ నంబరు అడిగితే మాస్టారు సంచి అక్కడే పెట్టేసి వచ్చేవారు. ఆధార్ అడిగినచోట చివరి నాలుగు అంకెలే కనిపించే కాపీ ఇచ్చేవారు. జిరాక్సు ఏది ఇచ్చినా దాని మీద అడ్డంగా, గుండ్రటి చేతిరాతతో, "ఫలానా పనికి మాత్రమే. ఎవరికీ ఇవ్వరాదు" అని రాసి సంతకం పెట్టేవారు. 2020లో లోన్ యాప్‌ల వాళ్ళు అప్పు తీసుకున్నవాళ్ళ ఫోన్లలోని నంబర్లన్నీ లాగి, చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్లు చేసి పరువు తీస్తుంటే, అది భరించలేక తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ వార్తలన్నీ మాస్టారు కత్తిరించి దాచారు. 2022లో రిజర్వ్ బ్యాంకు లోన్ యాప్‌లు కాంటాక్టుల జోలికి పోకూడదని ఆదేశించినప్పుడు ఆ కాగితం నా చేత ప్రింటు తీయించుకుని ట్యూషను గోడకు అంటించారు.

అంత మనిషికీ ఒకసారి బ్యాంకు కేవైసీ పేరుతో ఎవడో ఫోను చేసి ఓటీపీ దాకా వచ్చాడు. నంబరు చెప్పేలోపు మనవడు చూసి ఫోను లాక్కున్నాడు. ఆ మర్నాడే ఆ పిల్లవాడు తాతగారి ఫోన్‌కు తగిన కట్టుదిట్టాలన్నీ చేశాడు. స్క్రీన్ లాక్ పెట్టాడు, అక్కరలేనివి తీసేశాడు, ఫోను చేసేది ఎవరో ముందే చెప్పే యాప్ ఒకటి వేశాడు, బ్యాంకు మెసేజిలకు వేరే మోత పెట్టాడు. మోసగాడి ఫోనైతే తెర ఎర్రబడేది. మాస్టారు మళ్ళీ ఎవరి వలలోనూ పడలేదు.

ఇక ఒక అమ్మాయి సంగతి. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊరి పేరు చెప్పను, ఆనవాళ్ళు కొన్ని మార్చాను. మాస్టారి శిష్యురాలే, నాకంటే చాలా చిన్నది. భర్త పెట్టే హింస పడలేక ఇల్లు విడిచి వచ్చింది. గృహహింస చట్టం కింద ఆమె తరఫున కేసు నేనే నడిపాను. 18వ సెక్షను కింద రక్షణ ఉత్తర్వు వచ్చింది. భర్త ఆమె ఉన్నచోటికి వెళ్ళకూడదు, ఫోను చేయకూడదు, ఉత్తరం ముక్క రాయకూడదు. అయితే ఉత్తర్వు కోర్టులో ఉంటుంది, ఆడపిల్ల గుమ్మం దగ్గర ఉండదు. ఈ మాట ఇన్నేళ్ళ వృత్తిలో నన్ను బాధపెట్టినంతగా మరేదీ పెట్టలేదు. ఆమె హైదరాబాద్ వెళ్ళిపోయింది. కూకట్‌పల్లిలో లేడీస్ హాస్టలు, ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఉద్యోగం, కొత్త సిమ్ము. పాత స్నేహితులెవరికీ నంబరు ఇవ్వలేదు.

మా ఊళ్ళో ఆ నంబరు తెలిసినవాళ్ళు ముగ్గురం. ఆమె తండ్రి పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. తన చేతి మీదుగా వెళ్ళిన కార్డుల్లోని మాట ఒక్కటి కూడా బయట అని ఎరగరు. కూతురి నంబరును ఫోన్లో దాచుకోకుండా కంఠతా పట్టారు. నా దగ్గర కేసు కట్టలో కాగితం మీద ఉంది, కట్ట బీరువాలో ఉంది. మూడో మనిషి మాస్టారు. "నాన్న ఒక్కరే ఉంటారు. ఆయనకేమైనా అయితే నాకు చెప్పేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి కదా మాస్టారూ," అని ఆ అమ్మాయే ఆయనకు ఇచ్చింది. "నీ పేరు ఎక్కడా రాయనమ్మా, భయపడకు," అని ఆయన మాటిచ్చారు.

మాటిచ్చి ఊరుకోలేదు. ఆమె భర్త ఒకరోజు మాస్టారి అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. మారిపోయానన్నాడు, కాళ్ళు పట్టుకున్నాడు. తర్వాత వాళ్ళమ్మ వచ్చింది. ఆ తర్వాత ఊళ్ళో నలుగురు పెద్దమనుషులు వచ్చి, కాపురం నిలబెట్టిన పుణ్యం మీకే దక్కుతుందన్నారు. "నాకు తెలియదని అబద్ధం చెప్పను. తెలుసు. చెప్పను," అన్నారు మాస్టారు. ఆ అరుగు మీద ఆయన పక్కన కూర్చుని ఆ మాట విన్నవాణ్ణి నేను. ఒక వృద్ధుడు అంత మెత్తగా, అంత గట్టిగా నిలబడటం చూసి గర్వపడ్డాను.

కొన్ని నెలలు గడిచాక ఒక రాత్రి హాస్టల్లో ఆమె ఫోను మోగింది. "సిమ్ము మారిస్తే మొగుడు మారతాడనుకున్నావా?" అన్నాడు భర్త.

ఆ రాత్రే ఆమె హాస్టలు ఖాళీ చేసి తోటి ఉద్యోగిని ఇంటికి వెళ్ళిపోయింది. ఉద్యోగానికి మళ్ళీ వెళ్ళలేదు. జీతం బాకీ అడగడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

మర్నాడు పొద్దున్నే మాస్టారు నా ఆఫీసుకొచ్చారు. అంత కోపంగా ఆయన్ను నేను చూడలేదు. "నీ గుమాస్తాను అడిగావా?" అన్నారు. అడిగాను. పదిహేనేళ్ళుగా నమ్మకంగా పనిచేస్తున్న మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సిమ్ము అమ్మిన షాపులో కుర్రాడి మీద అనుమానం, హాస్టలు రిజిస్టరు మీద అనుమానం, ఉద్యోగం ఇచ్చిన సెంటరు మీద అనుమానం. ఫోను కంపెనీకి మాస్టారే ఒక ఉత్తరం రాశారు: "మీ దగ్గర నమ్మి పెట్టిన నంబరును అమ్ముకున్నది ఎవరో తేల్చండి."

రక్షణ ఉత్తర్వును ధిక్కరిస్తే 31వ సెక్షను కింద ఏడాది దాకా జైలు. ఫిర్యాదు ఇచ్చాం. మా స్టేషన్లో కొత్తగా వచ్చిన ఎస్సై, చిన్న వయసు అమ్మాయి, ఆలస్యం చేయకుండా భర్తను తీసుకొచ్చి ఫోను స్వాధీనం చేసుకుంది. రెండు రోజుల తర్వాత మమ్మల్ని పిలిచింది. నేనూ, మాస్టారూ, ఆ అమ్మాయి తండ్రీ వెళ్ళాం.

"ఎవరూ అమ్మలేదండీ," అంది ఎస్సై, ఆ అమ్మాయి తండ్రిని చూపిస్తూ. "బాగోగులు కనుక్కునే మిషతో ఈయన ఇంటికి వెళ్ళాడు. ఈయన మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళగానే, బల్ల మీదున్న ఫోన్లో కాల్స్ లిస్టును ఫొటో తీసుకున్నాడు. పేర్లు లేని నంబర్లు ఏడెనిమిది ఉన్నాయి. గ్యాసు బండవాడు, ప్లంబరు, అలాంటివి. ఫోను చేసేది ఎవరో చెప్పే యాప్ ఉంటుంది చూడండి, అందులో ఒక్కొక్క నంబరూ కొట్టి చూశాడు."

"ఆ అమ్మాయి ఆ యాప్ పెట్టుకోలేదే!" అన్నాను.

"పెట్టుకోనక్కర్లేదు సార్. ఆమె నంబరు ఎవరి ఫోన్లో ఉందో వాళ్ళు పెట్టుకుంటే చాలు. ఆ యాప్ కాంటాక్టులు చూడనివ్వమని అడుగుతుంది. సరే అంటే ఫోన్‌బుక్కు మొత్తం కంపెనీకి పోతుంది. ఎవరు ఏ పేరుతో దాచుకున్నారో, ఆ నంబరు కొట్టినవాడికి ఆ పేరు చూపిస్తుంది."

కంపెనీని చట్టం ముందు నిలబెట్టే దారి ఉందా అని నా బుర్ర వెతకడం మొదలుపెట్టింది. 2023లో మనకు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరుకు గానీ రాలేదు, కంపెనీల అసలు బాధ్యతలకు ఆపైన మరో 18 నెలల గడువు. సొంత, ఇంటి అవసరాలకు మరొకరి వివరాలు దాచుకునే మనిషికి ఆ చట్టం వర్తించనే వర్తించదు. ఐరోపాలో కనీసం ఈ ప్రశ్న ఒకసారి గట్టిగా లేచింది. 2021లో ఐర్లండ్ డేటా రక్షణ కమిషన్ వాట్సాప్‌కు 22.5 కోట్ల యూరోల జరిమానా వేసినప్పుడు, అసలు వాట్సాప్ వాడనివాళ్ళ నంబర్లను ఏం చేస్తున్నదీ సరిగా చెప్పకపోవడం కూడా ఒక కారణం. టెక్ కంపెనీలను నమ్మవచ్చా అని మనం తెగ చర్చిస్తాం. ఆ ప్రశ్నకు అవుననో కాదనో చెప్పే అవకాశం ఫోను చేతిలో ఉన్నవాడికే ఉంది. ఆ ఫోన్లో ఒక నంబరుగా ఉన్న మనిషిని ఎవరూ అడగరు. "సరే" అని నొక్కే వేలు ఒకరిది, పారిపోవలసిన కాళ్ళు మరొకరివి. దీన్ని సమ్మతి అని పిలవడానికి నా మనసు ఒప్పుకోదు.

మాస్టారు అంతా శ్రద్ధగా విన్నారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"అంటే మా అమ్మాయి నంబరు దాచుకున్నవాడెవడో ఇలాంటి యాప్ ఒకటి పెట్టుకున్నాడన్నమాట. తనది కానిదాన్ని ఇచ్చేశాడు. ఆ మూడొందల ముప్ఫై ఆరోవాడెవడో తేల్చండమ్మా. వాడి పేరు నాకు కావాలి."

"వాళ్ళ పేరు యాప్‌లో కనబడదు మాస్టారూ. వాళ్ళు రాసుకున్నది మాత్రమే కనబడుతుంది. అది చూస్తే ఎవరో మీరేమైనా పోల్చుకుంటారేమోనని పిలిచాను," అని ఎస్సై, భర్త ఫోన్లో దొరికిన స్క్రీన్‌షాట్‌ను మా వైపు తిప్పింది.

నంబరు కింద ఆ అమ్మాయి పేరు లేదు. తెలుగులో, ఫుల్‌స్టాప్‌లతో సహా, ఇలా ఉంది: "పోస్టుమాస్టరు గారమ్మాయి. కొత్త నంబరు. ఎవరికీ ఇవ్వరాదు."