‘బాటిలేది’ పద్యానికి స్తంభపథ వ్యాఖ్య

మూలం

లేవరా యనంగ లేవడు చిన్నోడు
బస్సు వచ్చి నిలిచె బాటిలేది
కార్డు మరచి నీవు కదలకు మెట్రోకు
మెట్టుగూడ బతుకు మెట్లు మెట్లు

అవతారిక

ఈ పద్యం తాళపత్రాల్లో దొరికింది కాదు. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక సందులో, లిఫ్టు లేని నాలుగంతస్తుల ఇంట్లో, రెండో అంతస్తు వాళ్ల ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద దొరికింది. కవి ఆ ఇంటి తాతగారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. 1893 నాటి ఆ వర్క్‌షాపులో నట్టుకి బోల్టు ఎలా సరిపోవాలో, పద్యంలో గణానికి గణం అలాగే సరిపోవాలని ఆయన పట్టుదల. వ్యాఖ్యాతనైన నేను పై అంతస్తులో ఉంటాను. మూలంలోని సంఘటనలన్నీ మెట్ల గదిలోంచి రోజూ నా చెవిన పడుతూనే ఉంటాయి కాబట్టి ప్రామాణ్యానికి లోటు లేదు.

కొలచాల మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాసేటప్పుడు మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనది మెదక్ దగ్గర కొల్చారం, మన వైపు మనిషే. అయినా ఆ ఒట్టు నేను పెట్టుకోలేను. ఆయన ఇంటి ముందుకి స్కూలు బస్సు వచ్చేది కాదు. భారవి కావ్యానికి తాను రాసిన వ్యాఖ్యకి ఆయన ‘ఘంటాపథం’ అని పేరు పెట్టాడు, అంటే రాజమార్గం. మా రాజమార్గానికి నట్టనడుమ మెట్రో పిల్లర్లు లేచి నిలబడ్డాయి. అందుకని దీనికి ‘స్తంభపథం’ అని పేరు.

ప్రతిపదార్థం

లేవరా అనంగన్ = ఓరీ, లెమ్మని (తల్లి చెవిలోను, తండ్రి స్నానాల గదిలోనుండియు, తాత పేపరు వెనుకనుండియు) పలుకగా; చిన్నోడు = అయిదేండ్ల బాలుడు; లేవడు = లేవడు (ఇందు వివరింపదగినది లేదు); బస్సు = పసుపుపచ్చని బడి బండి; వచ్చి నిలిచెన్ = సందు చివర నిలిచి హారన్ కొట్టెను; బాటిలు + ఏది = నీళ్ల సీసా ఎచ్చట; కార్డు = మెట్రో కార్డును; మరచి = టీవీ మీదనే విడిచి; నీవు = నీవు (ఇది వివాదగ్రస్తము, ముందు చూడుడు); మెట్రోకున్ = మెట్రో రైలునకు; కదలకు = బయలుదేరవలదు; మెట్టుగూడ బతుకు = మెట్టుగూడలోని సంసారము; మెట్లు మెట్లు = మెట్లే మెట్లు.

తాత్పర్యం

పిల్లవాడు లేవలేదు, బస్సు వచ్చేసింది, సీసా కనబడలేదు, ఒకాయన కార్డు మరిచిపోబోతున్నాడు, అందరూ మెట్లు దిగుతున్నారు అని భావము.

విశేషాలు

‘లేవడు’. ఇది వ్యతిరేక తద్ధర్మార్థకం. తెలుగులో ఈ రూపం మూడు కాలాలకీ చెల్లుతుంది. నిన్న లేవలేదు, ఇవాళ లేవడం లేదు, రేపు లేవబోడు. ఇన్ని ముక్కలు అక్కర్లేకుండా ‘లేవడు’ అంటే చాలు. వ్యాకర్తలకి పిల్లలు ఉండేవారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆలస్యం ఒక్క చిన్నోడి గుణమే కాదు, ఈ చోటికే ఉంది. హైదరాబాద్ మెట్రోలో అన్నిటికంటే ముందు సిద్ధమైన ముక్క నాగోలు నుంచి మెట్టుగూడ దాకా ఉన్న ఎనిమిది కిలోమీటర్లే. 2015 ఉగాదికి బండి నడుపుతామన్నారు. ఉగాది వచ్చింది, పచ్చడి తిన్నాం, బండి లేవలేదు. నగరం మొత్తానికి తొలి విడత ప్రారంభమైన 2017 నవంబరు 28 దాకా మా పిల్లర్లు ఊరికే నిలబడ్డాయి. హైటెక్ సిటీ చేరడానికి 2019 మార్చి, ఆ పక్కనే ఉన్న రాయదుర్గం చేరడానికి అదే సంవత్సరం నవంబరు. ‘లేవరా యనంగ లేవడు’ అన్నప్పుడు తాతగారి మనసులో ఉన్నది మనవడేనా, మెట్రో కూడానా అని అడిగాను. రైల్వేలో పనిచేసిన మనిషి, ఇంకో రైలు సంస్థని ఏమీ అననన్నారు.

‘బస్సు వచ్చి నిలిచె’. ఇక్కడ పాఠాంతరం ఉంది. సోమవారపు ప్రతుల్లో ‘బస్సు వెళ్ళిపోయె బాటిలేది’ అని కనిపిస్తుంది. గణాలు లెక్కపెడితే రెండూ నిర్దోషమే. బస్సు ఉన్నా పోయినా ఛందస్సుకి ఒకటే. భేదమంతా తండ్రికి. రెండో పాఠం తీసుకుంటే ఆయన స్కూటర్ తీసి, ముందు చిన్నోణ్ని నిలబెట్టుకుని, ఆలుగడ్డ బావి దగ్గరి రద్దీలో పడి వెళ్లి దింపి రావాలి. ఆ దారిలో వాడు నిద్ర లేస్తాడు. లేచాక వాడికి ప్రతి పిల్లరు మీదా ఉన్న నంబరు చదవాలనిపిస్తుంది. అంకెలు బళ్లో నేర్పుతున్నామని వాళ్లనుకుంటున్నారు గాని, నేర్పింది పిల్లర్లే.

‘బాటిలేది’. బాటిలు, ఏది, ఉకార సంధి. సంధిలో లోపించేది ఉకారం, ఇంట్లో లోపించేది సీసా. ఇది మంచం కింద, ఉతికే బట్టల బుట్టలో, ఒక్కోసారి నిన్నటి బస్సులోనే ఉంటుంది. దానికి జంటగా చెప్పుకోవలసింది టిఫిన్ డబ్బా. కవి విడిచిపెట్టాడు గాని వ్యాఖ్యాత విడవకూడదు. మాకు ఒక్క స్టేషన్ దూరంలో, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికొచ్చింది. దేశం మొత్తం ఏం తినాలో, ఎంత తినాలో 2024లో పదిహేడు సూత్రాలుగా చెప్పింది కూడా. అందులో ఆకుకూరలున్నాయి, పప్పులున్నాయి, ఉప్పు తగ్గించమని ఉంది. మా చిన్నోడి డబ్బాలో వెళ్లిన పాలకూర పప్పన్నం సాయంత్రానికి చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది. పక్కవాడి బిస్కట్ల పొడి మాత్రం మూతకి అంటుకుని ఉంటుంది. సూత్రాలన్నిటికీ భాష్యం రాయవచ్చు. డబ్బా తిరిగిరావడానికి ఎవరూ రాయలేరు.

‘కార్డు’. నవీనులు కొందరు ఇక్కడ ‘ఫోను’ అని చదువుతారు. టిక్కెట్టు ఇప్పుడు ఫోనులోనే వస్తుంది కాబట్టి అర్థానికి బాధ లేదు. ‘ఫో’కి ‘క’తో మైత్రి లేదు కాబట్టి యతి చెడుతుంది. ఫోను వచ్చాక చెడినవాటిలో యతి ఒకటని తాతగారి అభిప్రాయం. నేను కార్డు పాఠమే తీసుకున్నాను.

కార్డు ప్రసంగంలో ఇంకో మనిషి సంగతి రావాలి. చిన్నోడికి చెల్లెలుంది, రెండేళ్లది. రోజూ తల్లితో మెట్రో ఎక్కుతుంది, కార్డు అక్కర్లేదు. తొంభై సెంటీమీటర్ల లోపు పొడవున్న పిల్లలకి టిక్కెట్టు లేదు. తాతగారు ప్రతి పండక్కీ దాన్ని వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టి పెన్సిలుతో గీత గీస్తారు. గీత తొంభైకి దగ్గరవుతుంటే నానమ్మకి ఆనందం, పిల్ల ఎదుగుతోందని. తండ్రికి రెండు భావాలు ఒకేసారి కలుగుతాయి, దీన్ని శాస్త్రంలో భావసంధి అంటారు.

‘నీవు’. వివాదం ఇక్కడ. ‘నీవు’ ఎవరన్న దాంట్లో అనుమానం లేదు, కార్డు మరిచేది ఇంట్లో ఒక్కరే. అసలు చిక్కు వేరు. లేవనివాడు చిన్నోడు, నిలిచింది బస్సు. మరి ‘లేవరా’ అన్నదెవరు? ‘బాటిలేది’ అని వెతుకుతున్నదెవరు? ‘కదలకు’ అని వాకిట్లో ఆపిందెవరు? మూడు చోట్లా కర్త లేదు.

కవే కర్త అని ఒక పక్షం. అది నిలవదు. ఆ వేళకి తాతగారు బాల్కనీలో టీ గ్లాసుతో ఉంటారు. సీసా సంగతి అలా ఉంచితే, తన కళ్లజోడు ఎక్కడుందో కూడా ఆయనకి తెలియదు.

తండ్రే కర్త అని రెండో పక్షం. ఇది ఆయనే లేవదీశాడు. ‘నేనూ వెతుకుతాను కదండీ’ అని మెట్ల మీద నన్ను ఆపి మరీ చెప్పాడు. వెతుకుతాడు, నిజమే. ఇంటి మధ్యలో నిలబడి ‘బాటిలెక్కడా?’ అని గట్టిగా అడగడంతో ఆయన వెతుకులాట మొదలవుతుంది, జవాబు రాగానే ముగుస్తుంది. పైగా మూడో పాదంలో ఆయన ‘నీవు’ అయి కూర్చున్నాడు. ఆజ్ఞ పొందినవాడే ఆజ్ఞాపించినవాడు కాలేడు.

కాబట్టి ఇల్లాలే కర్త అని సిద్ధాంతం. ఆమె ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో తెలుగు శాఖలో పరిశోధకురాలు. యతి స్థానమూ తెలుసు, సీసా స్థానమూ తెలుసు. బస్సు ఎన్నింటికి, చిన్నదానికి టీకా ఎప్పుడు, తెల్ల బూట్లు ఏ రోజు, మామగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, కరెంటు బిల్లు గడువు ఏ తేదీ, ఇవన్నీ ఆమె తలలో ఉంటాయి. ఇంట్లో మిగతావాళ్ల తలలు తేలిగ్గా ఉండటానికి కారణం ఇదే. పద్యంలోని ప్రతి క్రియనూ కదిలిస్తున్నది ఆమె. పద్యంలో మాత్రం ఆమె లేదు. బస్సుకి చోటు దొరికింది, సీసాకి దొరికింది, ఏ పనీ చెయ్యని కార్డుకి కూడా దొరికింది. కర్తను మనం అధ్యాహారం చేసుకోవాలి.

ఇలా ఎందుకు చేశారని అడిగితే, ఛందస్సులో చోటు చాలలేదన్నారు కవిగారు. ఇది ఒప్పుకోదగ్గ సమాధానం కాదు. ‘అమ్మ’ అంటే ఒక గురువు, ఒక లఘువు. గలం. నికార్సైన సూర్యగణం. ఆటవెలదిలో ఏ పాదంలోనైనా రెండోదో మూడోదో అయి హాయిగా కూర్చుంటుంది, యతి బెడద కూడా లేదు. ఈ మాట చెప్పాక తాతగారు చాలాసేపు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, ‘అవునయ్యా, పడుతుంది’ అన్నారు. పద్యం దిద్దలేదు.

రసం. ఆపాతంగా హాస్యం. నిదానించి చూస్తే విప్రలంభ శృంగారం. భర్త ఆఫీసు రాయదుర్గంలో. మెట్టుగూడ తర్వాత పదహారో స్టేషన్, మధ్యలో మారే పని లేదు. భార్య దిగాల్సింది తార్నాకలో. ఇటు వైపు ఒకే ఒక్క స్టేషన్. చిన్నదాన్ని అక్కడ క్రెష్‌లో దింపి, ఆటోలో క్యాంపస్‌కి పోతుంది. స్టేషన్ దాకా కలిసి నడిచిన దంపతులు పైకెక్కాక విడిపోతారు. పట్టాలకి ఆ వైపు ఒకరు, ఈ వైపు ఒకరు. ఎదురెదురుగా నిలబడి చూసుకుంటారు. ఆమె కళ్లతో ఏదో చెబుతుంది. ఆయన చెయ్యి ఊపుతాడు. ఆమె మళ్లీ చెబుతుంది. ఆయనకి అప్పుడు తెలుస్తుంది, డైపర్ల సంచి తన భుజానికే ఉందని. ఇంతలో నాగోలు బండి అడ్డం వస్తుంది. ఇలాంటి ఘట్టంలో సంచి అందించడానికి మేఘం దొరకదు.

‘మెట్లు మెట్లు’. ఆక్షేపం: స్టేషన్లో ఎస్కలేటరుంది, లిఫ్టుంది, మెట్లెక్కడివి? సమాధానం: ఆక్షేపించినవారు రెండేళ్ల పిల్లతో ప్రయాణం చేసి ఉండరు. ఎస్కలేటరు చూడగానే ‘నేనే ఎక్కుతా’ అని మెట్ల దగ్గరికి పరుగెడుతుంది. ఒక్కో మెట్టూ రెండు కాళ్లూ పెట్టి ఎక్కాలి, మధ్యలో కూర్చోవాలి, చీమ కనిపిస్తే దాని సంగతీ చూడాలి. ఆ లోపల ఒక బండి వెళ్లిపోతుంది, ఇంకోటి వస్తుంది. కింద ఇంటి మెట్లు, నడుమ స్టేషన్ మెట్లు, ఆపైన ఆర్ట్స్ కాలేజీ మెట్లు. 1917లో ఫర్మానాతో పుట్టిన విశ్వవిద్యాలయానికి ఆ రాతి భవనం దక్కేసరికి 1939 డిసెంబరు వచ్చింది. దాని ముందున్న మెట్ల మీద ఉద్యమాలు కూర్చున్నాయి, ప్రేమలు కూర్చున్నాయి, పోటీ పరీక్షల పుస్తకాలు కూర్చున్నాయి. ఆదివారం పొద్దున వాకింగ్ పేరుతో ఈ కుటుంబం కూడా వెళ్తుంది. వారమంతా లేవని చిన్నోడు ఆదివారం అయిదింటికే లేచి అందరినీ లేపుతాడు. దీనికి శాస్త్రంలో సమాధానం లేదు.

శబ్దవిచారం. బస్సు, బాటిలు, కార్డు, మెట్రో. నాలుగు పాదాల పద్యంలో నాలుగు అన్యదేశ్యాలు దోషం కాదా అని ఒక పండితుడి ఆక్షేపం. వాటిని తీసేస్తే ఇంట్లో మిగిలేది చిన్నోడూ వాడి మంచమూ. అప్పుడు ఎవరూ ఎక్కడికీ కదలనక్కర్లేదు, పద్యమూ అక్కర్లేదు.

అధికపాఠం

వ్యాఖ్య పూర్తిచేసి మూలంతో సరిచూసుకుందామని శుక్రవారం రాత్రి కిందికి దిగితే, పద్యం అడుగున వేరే చేతివ్రాతతో, ఎర్ర సిరాతో ఇంకో పంక్తి కనిపించింది: ‘మామయ్యా, రేపు రెండో శనివారం, వాడికి బడి లేదు, లేపకండి. బాటిల్ మీ కుర్చీ వెనకే ఉంది. పాలు ఒక ప్యాకెట్ ఎక్కువ చెప్పండి.’ ఇది గద్యం కాబట్టి గణాలు చూడలేదు. అన్వయం సుగమం. పాలు అరలీటరా, లీటరా అన్న ఒక్క విషయంలోనే తాతగారికీ నాకూ భేదం వచ్చింది.