పిండి మానేసిన పెద్దమనిషి

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఏ పాట్‌లక్ పెట్టుకున్నా ఈయన తప్పకుండా ఉంటాడు. ఫ్రిస్కోలో ఉంటాడు, ప్లేనోలో ఉంటాడు, అర్వింగ్‌లో అయితే వీధికి ఇద్దరు. నలభై అయిదు దాటిన వయసు. జనవరి చలిలో కూడా పొట్టిచేతుల టీషర్టే వేస్తాడు, ఎందుకంటే భుజం వెనక అంటించుకున్న తెల్లటి బిళ్ల నలుగురికీ కనపడాలి. అందరూ పులిహోర ట్రే చుట్టూ మూగితే ఈయన ఓ మూలన నిలబడి సంచిలోంచి స్టీలు డబ్బా తీస్తాడు. అందులో అరచేతి కన్నా కాస్త పెద్దవి, లేత పసుపు మీద గోధుమరంగు మచ్చలున్న గుండ్రటి వస్తువులు. అంటుకోకుండా ఒక్కోదాని మధ్యా ఒక్కో కాగితం ముక్క.

"ఏంటండీ అవి?" అని పాతవాళ్లెవరూ అడగరు. అడిగేది ఎప్పుడూ ఇండియా నుంచి కొత్తగా దిగిన కుర్రాడే. పాపం, వాడికి ఆ పూట చల్లారిన బిర్యానీయే గతి.

ఇలాంటివాళ్లు నాకు చాలామంది తెలుసుగానీ, దగ్గరగా చూసింది మా తోడల్లుడుగారిని. ఈ జాతి లక్షణాలన్నీ ఆయనలో ఏ కల్తీ లేకుండా దొరుకుతాయి.

అంతా ఓ రక్తపరీక్షతో మొదలైంది. హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 లోపు ఉందంటే షుగరు ఇంకా లోపలికి రాలేదు, గుమ్మం బయట చెప్పులు విడుస్తోందన్నమాట. డాక్టరమ్మ "అన్నం కాస్త తగ్గించండి, రోజూ కాసేపు నడవండి" అంది. ఆవిడకి మనిషి తెలియదు. ఈయనకి తగ్గించడం రాదు. మానెయ్యడం ఒక్కటే వచ్చు.

మానెయ్యడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. మంతెన సత్యనారాయణ రాజు గారి ప్రసంగాలు విని ఒకప్పుడు ఉప్పూ నూనే మానేశాడు. ఆ రోజుల్లో వాళ్లింటికి భోజనానికి వెళ్లేవాళ్లం ఆవకాయ సీసా దాచుకుని వెళ్లేవాళ్లం. తర్వాత వీరమాచనేని రామకృష్ణ గారి గాలి వీచింది. నూనె చుక్క ముట్టని మనిషే రోజుకు 70 గ్రాములకు తగ్గకుండా కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు లెక్కపెట్టుకుని పుచ్చుకున్నాడు. ఆ వెనకే ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు. కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు తెచ్చిన డబ్బాలు ఇప్పటికీ గరాజ్‌లో, కారుకీ గోడకీ మధ్య, పేర్లు రాసిన చీటీలతో సహా ఉన్నాయి. ముగ్గురు చెప్పినవీ ఒకదానికొకటి పొసగవు కదండీ అన్నాను ఓసారి. "మూడూ అద్భుతంగా పనిచేశాయండీ, నేను మానేసేదాకా" అన్నాడు.

ఇప్పుడు మానేసింది పిండి. గోధుమ, వరి, మైదా, జొన్న, పిండి అన్న పేరుంటే చాలు గడప దాటనివ్వడు. కానీ రొట్టె మానలేదు. చిక్కంతా అక్కడుంది.

ఆ రొట్టె మీద మమకారానికి వెనక కొంత కథ ఉంది. పాతికేళ్ల కిందట ఎమ్మెస్‌కి వచ్చిన కుర్రాళ్లకి చపాతీ ఒత్తడం రాదు, ఒత్తే ఓపిక అంతకన్నా లేదు. టెక్సస్‌లో ఏ కొట్టుకెళ్లినా మైదా టోర్టియాల పాకెట్టు చవగ్గా దొరికేది. పెనం మీద పడేసి అటూ ఇటూ కాల్చి, టమాటా పప్పుతోనో గుడ్డు పొరటుతోనో లాగించేవాళ్లు. నలుగురు కుర్రాళ్లున్న అపార్ట్‌మెంట్లో అదే చపాతీ, అదే పరోటా, డబ్బు బొత్తిగా అయిపోయిన వారం పంచదార చల్లుకుని అదే బొబ్బట్టు కూడా. కాబట్టి మా తోడల్లుడుగారు ఈనాడు వంటింట్లో పడుతున్న అవస్థ మెక్సికో మీద ప్రేమతో కాదు. చపాతీకి బదులుగా వచ్చింది టోర్టియా. ఇప్పుడు దానికి బదులు కాలీఫ్లవర్.

కొట్లో లో-కార్బ్ టోర్టియాలు దొరక్కపోలేదు. ఒక పాకెట్టు తెచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వెనక ఉన్న చిన్నచిన్న అక్షరాలన్నీ వదినగారికి చదివి వినిపించాడట. గోధుమ గ్లూటెన్, మార్చిన గోధుమ స్టార్చ్, పీచు, ఇంకా ఏవేవో. "వీడు గోధుమని ముందు తలుపు నుంచి పంపేసి దొడ్డిదారిన తీసుకొచ్చాడు" అని పాకెట్టు చెత్తబుట్టలో వేశాడు. ఇంట్లోనే చేస్తానన్నాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన నోట వంట గురించి "చేస్తాను" అన్న క్రియ రావడం అదే మొదలు. వదినగారు సంతోషించారు. ఆ సంతోషం ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా నిలిచింది.

చేసే పద్ధతి చెప్తాను, ఎందుకంటే మీరు ఆయన్ని కలిస్తే ఎలాగూ చెప్తాడు. పువ్వు కడిగి, తుంచి, మిక్సీలో రవ్వలా తిప్పాలి. ఎక్కువ తిప్పితే ముద్దయి మొత్తం పాడు. ఆ రవ్వని మైక్రోవేవ్‌లో కొన్ని నిమిషాలు ఉడికించాలి. ఇల్లంతా గంధకం వాసన వేస్తుంది. తలుపులూ కిటికీలూ బిగించి ఏసీ వేసుకునే టెక్సస్ ఇళ్లలో ఆ వాసన బుధవారం దాకా పోదు. కాస్త చల్లారాక గుడ్డలో మూటకట్టి పిండాలి. కాలీఫ్లవర్‌లో నూటికి 92 పాళ్లు నీళ్లే. అదంతా పోతేగానీ రొట్టె నిలవదు. చెయ్యి కాలుతుంది, మణికట్టు పీకుతుంది, మొదట బుట్టంత ఉన్న పువ్వు చివరికి రెండు గుప్పెళ్లకి దిగుతుంది. ఆ మిగిలినదాంట్లో రెండు కోడిగుడ్లు, ఉప్పు, మిరియాలపొడి కలిపి, ఓవెన్ కాగితం మీద వేళ్లతో గుండ్రంగా అదిమి, 375 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఓ పావుగంట పైన కాల్చాలి. తర్వాత తిరగెయ్యాలి. ఆ తిరగెయ్యడం దగ్గరే మొదటి వాయి ఉప్మా అయింది. రెండో వాయి కూడా ఉప్మాయే, కాకపోతే ఎర్రగా వేగింది.

గోధుమపిండిలో గ్లూటెన్ ఉంటుంది కాబట్టి రొట్టె సాగుతుంది, మడిస్తే విరగదు. కూరగాయకి ఆ గుణం లేదు. దాన్ని పట్టి ఉంచడానికి ఎవరో ఒకరు కావాలి. గుడ్డు ఒక్కటే చాలక ఆయన ఈసబ్‌గోల్ మీద పడ్డాడు. అది వాళ్లమ్మగారిది. ఆవిడ తెనాలి నుంచి ఆరునెల్లు ఉండిపోదామని వస్తూ, ఈ దేశంలో దొరుకుతుందో లేదో అని సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చుకుంది. రాత్రిపూట గోరువెచ్చటి నీళ్లలో కలుపుకుని తాగే మందు కాస్తా కొడుకు రొట్టెల్లో కలిసిపోతుంటే పెద్దావిడ కొన్నాళ్లు చూసింది. ఈసబ్‌గోల్‌తో రొట్టె నిజంగానే నిలిచింది, మడతా పడింది. ఒకసారి మాత్రం ఊదారంగుకి తిరిగింది. ఒక్కో రకం ఈసబ్‌గోల్ కాలేటప్పుడు అలా రంగు మారుతుందిట. ఆ ఊదారంగు రొట్టె పళ్లెంలో పడగానే ఆయన కూతురు లేచి తన గదిలోకి వెళ్లి పిజ్జా తెప్పించుకుంది.

పిండే గుడ్డ సంగతి చెప్పలేదు. పలచటి మస్లిన్ గుడ్డ వాడాలన్నది శాస్త్రం. ఇంట్లో వెతికితే దొరికింది పెళ్లినాటి మధుపర్కం పంచె.

"ఏవండీ, అది మా నాన్న పెట్టిన బట్టండీ!" అన్నారు వదినగారు.

"మంచి నేత. నీళ్లు పోతున్నాయి, పువ్వు పోవట్లేదు" అన్నాడాయన, మామగారి ఎంపికని మెచ్చుకుంటూ.

ఆ మాటకి భుజం మీది బిళ్ల ఆయన ఫోనుని మోగించింది. షుగరు కొలిచే సెన్సర్ అది. 2024 నుంచి అమెరికాలో డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతోంది. చర్మం కింద సన్నటి తీగ ఉండి గ్లూకోజు ఎంతుందో ఎప్పటికప్పుడు ఫోనుకి పంపుతుంది. ఆ పూట ఆయన పొద్దున్నుంచీ కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. అయినా గ్రాఫు కొండెక్కుతోంది. కోపం వచ్చినా, కంగారు పుట్టినా ఒళ్లు తన దగ్గరున్న చక్కెరని రక్తంలోకి వదులుతుంది, అది వైద్యశాస్త్రంలో ఉన్నదే. ఆయన ఫోను చూపించి, "చూశావా, ఏమీ తినకుండానే 138! అంతా నీవల్లే" అన్నాడు.

"గొడవలో నెట్ కార్బ్స్ ఎన్నండీ?" అన్నారు వదినగారు.

నెట్ కార్బ్స్ అన్నది ఈ మతంలో మూలమంత్రం. మొత్తం పిండిపదార్థంలోంచి అరగని పీచు తీసేస్తే మిగిలేది. వంద గ్రాముల కాలీఫ్లవర్‌లో 5 గ్రాముల పిండిపదార్థం, అందులో 2 పీచు, మిగిలింది 3. అదే వంద గ్రాముల మైదాలో 70 పైచిలుకు. లెక్క తప్పని నేను అనను, ఆయన చెప్పే అంకెల్లో తప్పు పట్టుకోవడం నావల్ల కాలేదు కూడా. బాధ ఏమిటంటే ఆ లెక్క ఆయన మన పళ్లెం మీద వేస్తాడు. పెళ్లిలో తాంబూలం తీసుకుంటుంటే "వక్కతో ఫర్వాలేదు, గుల్కంద్‌తో జాగ్రత్త" అనగలడు. ఇంజనీరు కాబట్టి ఎక్సెల్ షీటు ఉంటుంది. అందులో ఇంట్లో అందరికీ ఒక్కో వరస ఉంటుంది, అడక్కుండానే. నా పేరు మీద కూడా ఒక వరస ఉందని తర్వాత తెలిసింది. పాట్‌లక్కుల్లో నేను తిన్నవి దాన్లో ఎర్రరంగులో ఉన్నాయిట.

చరిత్ర కూడా చెప్తాడు. పిండి మానడం ఈనాటిది కాదండీ అని మొదలుపెట్టి విలియం బాంటింగ్ దగ్గర ఆగుతాడు. లండన్లో రాజవంశీకుల అంత్యక్రియలు జరిపించే వృత్తి ఆయనది. లావెక్కి, తన బూట్ల లేసులు తనే కట్టుకోలేని స్థితికొచ్చాడు. చెవి వినపడట్లేదని ఓ డాక్టరు దగ్గరకెళితే, బ్రెడ్డూ పంచదారా బీరూ బంగాళదుంపా మానమన్నాడా డాక్టరు. మానాడు, చిక్కాడు, 1863లో ఆ సంగతంతా చిన్న పుస్తకంగా అచ్చేశాడు. "ఎనభై ఒక్కేళ్లు బతికాడండీ!" అని ముగిస్తాడు తోడల్లుడుగారు, ఆ వంశంలో ఆఖరి వారసుడు తనే అయినట్టు. ఆ వెంటనే 1921, మేయో క్లినిక్, మూర్ఛరోగుల కోసం కనిపెట్టిన కీటో పథ్యం. అక్కడికొచ్చేసరికి వినేవాడి చేతిలో పళ్లెం వంగిపోయి ఉంటుంది.

ఒక్కరు మాత్రం ఆయన్ని పూర్తిగా విన్నారు. పక్కింటావిడ, మెక్సికోలో ఒహాకా నుంచి వచ్చినామె. వాళ్లూళ్లో టోర్టియా అంటే మైదాది కాదు, మొక్కజొన్నది. గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, పొట్టు కడిగి, రుబ్బి చేస్తారు. వేల ఏళ్ల నాటి పద్ధతి. ఆ సున్నం వల్లే ముద్ద కలిసొస్తుంది, ఒంటికి పట్టే బలమూ పెరుగుతుంది. ఆమెకి ఈయన తన కాలీఫ్లవర్ టోర్టియాలు రెండు వేడివేడిగా పళ్లెంలో పెట్టిచ్చి, సొంతగడ్డ మనిషి ఏమంటుందోనని ఎదురుగా నిలబడ్డాడు. ఆమె చాలా మర్యాదస్తురాలు. లోపలికెళ్లి ఇంత మొక్కజొన్న టోర్టియా తెచ్చి, ఈయన చేసినదాన్ని అందులో చుట్టి, పైన నిమ్మకాయ పిండుకుని తింది. "కూర చాలా బాగుంది" అంది.

న్యాయంగా మాట్లాడాలంటే నిజంగానే బాగుంటుంది. రెండోసారి పొడి పెనం మీద వేసి అంచులు కరకరలాడేదాకా కాలిస్తే, నాటుకోడి పులుసులో ముంచుకుని నాలుగు తినొచ్చు. కాకపోతే అది రొట్టె కాదు, కాలీఫ్లవర్ పడ్డ కోడిగుడ్డట్టు. ఈ మాట ఆయన ఎదుట అనేవాడికి ఆ ఇంట్లో మళ్లీ పిలుపు ఉండదు.

తల్లికి ఆ భయం లేదు. ఓ రాత్రి ఆయన గంటన్నర కష్టపడి ఆరు రొట్టెలు చేసి, వాటిలో పెట్టుకోవడానికి కూర కోసం ఫ్రిజ్ తెరిచాడు. ఉన్నది కాలీఫ్లవర్ వేపుడు. అదే పెట్టుకుని, చుట్టి, నోట్లో పెట్టుకోబోతుంటే పెద్దావిడ అడిగింది: "ఒరే నాన్నా, పువ్వు కూర నేను పొద్దున్నే వండాను కదా. అదే గిన్నెడు తింటే పోలా? మళ్లీ ఇంకో పువ్వు తెచ్చి, దాన్ని చంపి, పిండి, రొట్టె చేసి, దాన్లో ఈ పువ్వు పెట్టుకుని తింటావేంట్రా?"

బాంటింగ్ దగ్గర్నుంచి మేయో క్లినిక్ దాకా చదివినవాడు దీనికి జవాబు చదవలేదు. కాసేపాగి, "కూర దేన్లోనైనా పెట్టుకుని తినాలి కదమ్మా" అన్నాడు. ఆవిడ అర్థమైనట్టు తలూపి, తన ఈసబ్‌గోల్ డబ్బా తీసుకుని గదిలోకి వెళ్లిపోయింది.

ఈ మనిషిని ఎగతాళి చెయ్యడంలో మా అందరికీ వచ్చిన ఇబ్బంది, మూడు నెలల తర్వాత చేయించిన పరీక్షలో 5.6 రావడం. కాలీఫ్లవర్ వల్లే అంటాడాయన. రోజూ ఆ గంటన్నర వంటింట్లో నిలబడ్డందువల్ల అంటారు వదినగారు, సోఫాలోంచి లేవని మనిషి ఎలా లేచాడో చూసినావిడ కాబట్టి. ఏదైతేనేం, ఆ కాగితం ఇప్పుడు ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. పాట్‌లక్కులకి జిరాక్సు వస్తుంది. ఈ మధ్య సొరకాయతో మొదలుపెట్టాడు. దాంట్లో నీళ్లు ఇంకా ఎక్కువ. రెండో మధుపర్కం కూడా బయటికొచ్చింది.

సంక్రాంతికి తెనాలి నుంచి పార్సిల్ వచ్చింది. నేతి అరిసెలు, నువ్వులద్దినవి. కొత్తబియ్యప్పిండి, బెల్లం, ఆయన షీటులో ఎక్కడ రాసినా ఎర్రబడే సరుకు. ఆయన ఒకటి తీసి తూకమేశాడు. ఫోను ముందు పెట్టుకున్నాడు. టైము రాసుకున్నాడు.

"తింటున్నారా?" అన్నారు వదినగారు.

"తినడం కాదు. అరిసెకి నా ఒళ్లు ఎలా స్పందిస్తుందో తెలియాలి. డేటా."

తిన్నాడు. కళ్లు మూసుకుని తిన్నాడు, డేటా కోసం. గంట తర్వాత మేమంతా చుట్టూ చేరి గ్రాఫు చూశాం. 171 దగ్గర నిలబడింది. ఆయన తల పంకించి, ఒక్క కొలత మీద ఏ శాస్త్రవేత్తా తీర్మానం చెయ్యడన్నాడు. నెయ్యి చల్లగా ఉందనీ, పొద్దుటి పూట ఫలితం వేరనీ, నువ్వులున్న వైపు వేరు లేని వైపు వేరనీ చెప్పి డబ్బా తన దగ్గరకి లాక్కున్నాడు. వాళ్లమ్మగారు పక్కన కూర్చుని, "ఏ వైపు ముందు కొరుకుతావో అది కూడా రాసుకోరా" అంది.