పొలమారని చేప

మళ్లీ మృగశిర కార్తె, మళ్లీ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉబ్బసానికి చేప ప్రసాదం. కౌంటర్లెన్నో, బస్సులు ఎక్కడినుంచో పేపర్లో వచ్చేసింది కనుక ఆ పని నాకు తప్పింది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మాత్రం పొద్దుటినుంచి ఒకటే పోరు: ‘పిల్లాడికి ఈసారైనా వేయించండి.’ పిల్లాడంటే మా మేనల్లుడు. తొమ్మిదేళ్లు. చలిగాలి తగిలితే పిల్లికూతలు.

సరే, వేయిద్దాం. ఆ చేప ఎటు వెళ్తుందో ముందు నాకెవరైనా చెప్పండి.

చెప్పేది ఇదీ: బతికున్న కొర్రమీను పిల్ల, రెండు మూడంగుళాలది, నోట్లో పసుపుపచ్చ ముద్ద పెట్టుకుని గొంతులో దిగి, తోక ఆడిస్తూ కఫాన్ని ఊడ్చుకుంటూ పోతుందట. బాగానే ఉంది. కానీ ఆయాసం పుట్టేది ఊపిరి గొట్టాల్లో, చేప దిగేది అన్నవాహికలో. గొంతు దగ్గర దారులు రెండని తెలియడానికి ఎంబీబీఎస్ చదవక్కర్లేదు. మెతుకు దారి తప్పితే పొలమారుతుందనీ, నడినెత్తిన తట్టి ‘ఎవరో తలుచుకుంటున్నార్రా’ అనాలనీ అమ్మమ్మలందరికీ తెలుసు. ఒక్క మెతుక్కే కళ్ల నీళ్లు తిరిగే గొట్టంలో మూడంగుళాల చేప ఈదులాడితే, ఆ తర్వాత మనల్ని మనవాళ్లు తలుచుకునేది ఏడాదికోసారి, తిథి చూసి.

అందుకే చేప బుద్ధిగా కడుపులోకే పోతుంది. మనిల్లు ఊడ్చమని పంపిన చీపురు పక్కింట్లో దూరి అక్కడే అరిగిపోయినట్టు.

మరి శాకాహారులకో? బెల్లం. బెల్లానికి తోకేదీ? తోక లేకుండానే ఊడ్చగలిగితే ఆ చేపలు ఎందుకు చచ్చినట్టు? చేపే ఊడుస్తుందంటే బెల్లం తిన్నవాడు ఏం పాపం చేశాడు? ఈ ప్రశ్న నేను చాలామందిని అడిగాను. అందరూ ఒకేలా నవ్వి, ‘నమ్మకం ఉండాలండీ’ అన్నారు. నమ్మకమే పని చేస్తుందంటే చేపను నీళ్లలోనే ఉండనివ్వచ్చు కదా!

మిగతా వింతలకు తలో మాట చాలు. 1845 నుంచి ఇస్తున్నారట. అప్పటినుంచీ ఉబ్బసమూ ఉంది. మూడేళ్లు వరసగా మింగాలట. తగ్గకపోతే పథ్యం చెడగొట్టింది మీరే. ముద్దలో ఏముందో చెబితే గుణం పోతుందట. ఇన్‌హేలర్లో ఉండే సాల్బుటమాల్ సంగతి పుస్తకాల్లో అచ్చయి దశాబ్దాలైంది, దానికి మాత్రం సిగ్గులేదు, ఇంకా పని చేస్తూనే ఉంది. ఒకప్పుడు దీని పేరు చేప మందు. మందంటే పరీక్షలేవీ అని అడుగుతారు, ప్రసాదమంటే కళ్లకద్దుకుంటారు.

‘ఆయుర్వేదాన్ని ఎగతాళి చేస్తావా?’ అంటారు. నేనెందుకు చేస్తాను, చేసేది మీరు. చరక సంహిత చికిత్సాస్థానం 17వ అధ్యాయం తిరగేయండి. శ్వాస రోగాలు ఐదన్నాడు. అందులో మన ఉబ్బసానికి దగ్గరిది తమక శ్వాస. కొత్తగా వచ్చినదైతే నయం కావచ్చు, లేదంటే అది యాప్యం అన్నాడు. అంటే వేళ్లతో సహా పోదు, అదుపులో పెట్టుకుని బతకాలి. ఛాతీ డాక్టరు చెప్పేదీ ఇదే. పైగా ఏ యోగంలో ఏం పడుతుందో రాసిపెట్టాడు, దాచలేదు. అడ్డసరం ఆకు దగ్గుకు వాడతారని అందరికీ తెలుసు కనుకే అందులోని వాసిసిన్‌ను పట్టుకుని బ్రోమ్‌హెక్సిన్ తయారుచేయగలిగారు. అది దగ్గు సిరప్పుల్లోకొచ్చింది. రహస్యం అని మూత పెట్టి ఉంటే ఆకు ఆకుగానే ఎండిపోయేది.

వేళాకోళం ఇక చాలు. నా మంట చేప మీద కాదు, ఇన్‌హేలర్ అటకెక్కడం మీద. పోయినేడు ఉబ్బసానికని ఎవరో ఇచ్చిన పొడి పొట్లాలు మా ఇంటికొచ్చాయి. ‘ఇన్‌హేలర్ స్టెరాయిడ్, అలవాటైపోతుంది’ అని అక్క దాన్ని డబ్బాలో పడేసింది. నెల తిరక్కుండా ఒక రాత్రి రెండింటికి వాడు మంచం మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఊని, డొక్కలు ఎగరేస్తూ ‘మా... మయ్యా’ అన్నాడు. ఆ ఒక్క పిలుపుకి మధ్యలో ఊపిరి ఆగింది. పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరి గొట్టాల్లోకి పోతుంది, మీ చేపకు ఏనాడూ దొరకని దారిలో. ఇలాంటి ‘ఆయుర్వేద’ పొడుల్లో దొంగచాటుగా స్టెరాయిడ్ కలిపి అమ్మడమూ పట్టుబడిన సంగతే. ఆస్తమాను నయం చేస్తానని ఏ మందూ చెప్పుకోకూడదని 1945 నాటి ఔషధ నియమాల్లో, షెడ్యూల్ జెలో ఉంది. ఆ నియమం ప్రభుత్వానిదే. తొట్లలో చేపపిల్లల్ని తెచ్చిపెట్టే మత్స్యశాఖా ప్రభుత్వానిదే. ఏ చేతి మాట వినాలి మేము?

వెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తారు. జేబులో ఇన్‌హేలర్ పెట్టుకుని వెళ్లండి. గంటల తరబడి లైను, తొక్కిడి, దుమ్ము. అక్కడ వైద్య శిబిరం ఉంటుంది, అంబులెన్సూ ఉంటుంది. లైన్లో ఎవరికైనా ఆయాసం ఎక్కువైతే పరుగెత్తేది అటే. ఆ బండిలో ఉండేది ఆక్సిజన్ సిలిండరు, కొర్రమీను తొట్టి కాదు.