మూడు నిమిషాలకి మించని విన్నపం

మహారాజశ్రీ రిసైటల్ కమిటీ అధ్యక్షుల వారి దివ్యసముఖమునకు, సౌదీ అరేబియాలోని అల్ ఖోబర్‌లో తమరి దగ్గర పియానో నేర్చుకుంటున్న ఒక పదకొండేళ్ల పిల్ల తండ్రి నమస్కరించి చేసుకొను విన్నపము. తమరికి తెలుగు రాదు. అంచేతే ఇంత ధైర్యం.

గురువారం రాత్రి తమరు వాట్సాప్ గ్రూపులో పెట్టిన సర్క్యులర్ కళ్లకద్దుకుని చదివాం. ప్రతి పిల్లా ఒక సమకాలీన రచన వాయించాలి. అది 1950 తర్వాతదై ఉండాలి. మూడు నిమిషాలు దాటకూడదు. సినిమా పాట పనికిరాదు. ఒకరు ఎంచుకున్నది ఇంకొకరు ముట్టకూడదు. ఎంత గొప్ప ఆలోచన! తెల్లారి లేచేసరికి యిరుమా 'రివర్ ఫ్లోస్ ఇన్ యూ'ని ఎవరో ఎగరేసుకుపోయారు. 2001 నాటి ఆ కొరియా ముక్క లేకుండా ఈ భూమ్మీద పిల్లల రిసైటల్ జరగదు కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు. ఐనౌడీ 'నువోలే బియాంకే' ఆరు నిమిషాలకి దగ్గర్లో ఉంటుంది. సగంలో కోసి వడ్డించమంటారా?

సరే, వెతికాం. లిగెటి 1951–53 మధ్య రాసిన 'మ్యూజికా రిచెర్కాటా'లో మొదటి ముక్క పంపాం. దాదాపు మొత్తం 'ఎ' అనే ఒక్క స్వరమే. కింద, పైన, మెల్లగా, దూకుడుగా అదే మోగి మోగి, చిట్టచివర 'డి' వచ్చి వాలుతుంది. "ఒక్క స్వరానికా ఏడాది ఫీజు అని పేరెంట్స్ అడుగుతారు" అన్నారు తమరు. అడుగుతారు మరి, ఫీజు అలా ఉంది. తర్వాత హంగరీ కుర్టాగ్. చిన్నపిల్లలు పియానో మీద ఎలా ఎగబడతారో చూసి, అరచేతుల్తో, ముంజేతుల్తో వాయించే ముక్కలు 1973 నుంచి రాస్తూ పోయాడు. ఆ సంపుటాల పేరే 'ఆటలు'. పియానో పాడైపోతుందన్నారు. పోనీ అందులోనే ఏడంటే ఏడు స్వరాల్లో అయిపోయేది ఒకటుంది, చెయ్యి నెమ్మదిగానే పడుతుంది అన్నాం. మరీ పొట్టిదన్నారు! మూడు నిమిషాలు దాటకూడదన్నది ఎవరు సార్?

ఇక అసలు సంగతి. అర్వో పార్ట్ 1976లో రాసిన 'ఫ్యూర్ అలీనా' పేరు పంపితే, "అది బీథోవెన్‌ది, 1810 నాటిది, చెల్లదు" అని జవాబొచ్చింది. అది ఎలీజ్ సార్. ఇది అలీనా. ఎస్తోనియాలో తెలిసినవాళ్ల అమ్మాయి కోసం రాసింది. రెండు పేజీలు, పదిహేను బార్లు, తాళం గుర్తే లేదు. అట్టడుగున రెండు 'బి' మెట్లు ఒక్కసారి మోగుతాయి, పెడల్ మీద కాలు పడుతుంది, ఇక చాలాసేపు లేవదు. ఆ మోత మీద రెండు చేతులూ ఒక్కో వేలితో నడుస్తాయి. బారుకో స్వరం చొప్పున పెరుగుతూ పోయి మళ్లీ తరుగుతూ వస్తుంది. ఒక్కచోట ఎడమచెయ్యి అలవాటైన దారి వదిలి పక్క స్వరం మీద వాలుతుంది. అక్కడ స్కోరులో చిన్న పువ్వు బొమ్మ ఉంటుంది. ఆ పువ్వు దగ్గరికొచ్చేసరికి మా పిల్ల ఊపిరి బిగబడుతుంది. మడమ లాగేస్తున్నా పెడల్ వదలదు. అల్లరిపిల్ల, అన్నం ముందు కూడా కుదురుగా కూర్చోదు, అలాంటిది ఒక స్వరం సన్నగిల్లేదాకా ఆగి ఇంకోటి నొక్కుతోంది.

దానికి తమరి తీర్పు: "మధ్యలో మరిచిపోయిందని అందరూ అనుకుంటారు."

అనుకుంటే అనుకోనివ్వండి! వాయించే ముందు జనానికి ఒక్క మాట చెప్పే మనిషే లేడా మీ కమిటీలో? మీరు అడుగుతున్నది కొత్త తారీఖు వేసిన పాత పాట. ఆ ముక్కే సర్క్యులర్‌లో రాసి ఉంటే మా వారాంతాలు మిగిలేవి. ఒకప్పుడు సినిమా చూడాలంటే బహ్రెయిన్ వంతెనెక్కి పోయిన ఊరు ఇది. ఇప్పుడు పక్కన దహ్రాన్‌లో ఇత్రా సాంస్కృతిక కేంద్రం ఉంది. 2020 నుంచి దేశానికి మ్యూజిక్ కమిషనే ఉంది. ఇంత మారాక, తమరు రెండు పేజీల నిదానానికి ఝడుసుకుంటే ఎలా?

పనిలో పని, ఇంకో సంగతి. మా ఫ్లాట్‌లో ఉన్నది 61 మెట్ల కీబోర్డు. అలీనా మొదట్లో మోగాల్సిన ఆ కింది 'బి' దాంట్లో లేనే లేదు. ఉన్న పియానో మీ దగ్గరే. మేం ఆఫీసు నుంచి ట్రాఫిక్ ఈదుకుంటూ వచ్చేసరికి ఆ పియానో గదికి తాళం. రిసెప్షన్‌లో అడిగితే సర్క్యులర్ చూడమంటారు. పార్కింగ్ గురించి మాట్లాడను, బీపీ ఉంది.

అయ్యా, కోపంలో ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకండి. ఈ ఒక్కసారికి ఒప్పుకోండి. కార్యక్రమంలో చిట్టచివర పెట్టినా సరే, సర్టిఫికెట్ ఇవ్వకపోయినా సరే. వాయించడం కాస్త ఆగితే చాలు, చప్పట్లు మొదలెట్టేస్తారు జనం. పెడల్ మీంచి కాలు తీసేదాకా కొట్టొద్దని ముందే చెప్పించండి. ఆ హాలు ఏసీ మోత తమరికి తెలియనిది కాదు. మిగతా సాయంత్రమంతా వేసుకోండి. మా పిల్ల కూర్చున్న ఆ రెండు మూడు నిమిషాలూ మాత్రం దయచేసి ఆపించండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
అల్ ఖోబర్