బాణం ఎవరిది? ఒక మూలవాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “అతడు హంతకుడు కాడు, నా మనసుకు తెలుసు” అని ఆమె కన్నీటితో పలికెను.

టీక: ఈ వాక్యము ఏ ఒక్క గ్రంథమందలిదీ కాదు; చారిత్రక అపరాధ పరిశోధన నవలలలో తరచుగా తగులునట్టిది. అతడు అనగా చక్కనివాడు, ఆస్తి లేనివాడు, శవమువద్ద దొరికిన ఆయుధమునకు యజమాని. హంతకుడు కాడు అనగా దర్యాప్తు ముగిసినది. నా మనసుకు తెలుసు అనగా సాక్ష్యముతో పని లేదు. కన్నీటితో అనునది పాదపూరణము. తీసివేసినచో అర్థమునకు లోపము లేదు, పుస్తకము మాత్రము సన్నబడును.

తాత్పర్యం: ఇలాంటి నవలలో వలపు కథను నెమ్మదింపజేస్తుందని అందరూ అంటారు. అది చిన్న దోషం. అనుమానితుల్లోంచి ఒకణ్ణి విచారణ లేకుండానే విడిచిపెట్టేయడం పెద్ద దోషం. ఎల్లిస్ పీటర్స్ 1977లో ప్రచురించిన ‘ఎ మోర్బిడ్ టేస్ట్ ఫర్ బోన్స్’ చూడండి. కథాకాలం 1137. ఇంగ్లండులోని ష్రూస్‌బరీ మఠం సన్యాసులు సెయింట్ వినిఫ్రెడ్ అస్థికల కోసం వేల్స్‌లోని గ్విథరిన్ పల్లెకు వెళ్తారు. అవి ఇవ్వడానికి వీల్లేదన్న భూస్వామి రిషార్ట్ అడవిలో చచ్చిపడి కనిపిస్తాడు, రొమ్ములో బాణంతో. బాణం ఎంగెలార్డ్‌ది. అతడు పరదేశి, భూమి లేదు, అండగా బంధుబలగం లేదు. అందుకే రిషార్ట్ తన కూతురు షోనెడ్‌ను అతడికి ఇవ్వనన్నాడు. ఆయుధమూ ఉంది, పగకు కారణమూ ఉంది. అయినా పాఠకుడు అతణ్ణి ఒక్క నిమిషం కూడా అనుమానించడు. షోనెడ్ అతణ్ణి ప్రేమించింది కదా! నిజానికి వెనకనుంచి కత్తితో పొడిచి, ఆ పైన బాణం గుచ్చారని ఆ సన్యాసుల్లో ఒకడైన కాడ్‌ఫేల్ తేల్చేసరికి, పాఠకుడు ఎప్పుడో ఇచ్చేసిన తీర్పుకు ఆధారాలు దొరికినట్టవుతుందంతే. (ముగింపు బయటపెడుతున్నానని కోపగించవద్దు; టీకాకారులకు గుట్టు దాచే అలవాటు ఏనాడూ లేదు.)

పూర్వపక్షం: ప్రేమ లేకపోతే చరిత్ర శాసనాల జాబితాలా ఉండదా? ఉంటుంది. పైగా ఎంగెలార్డ్ పెళ్లికి అడ్డుపడిన పరదేశితనం ఆనాటి సమాజపు కట్టుబాటే. అక్కడ వలపు చరిత్రలో భాగంగానే నడిచింది. అభ్యంతరమల్లా దాని పక్కనే బ్రదర్ జాన్, అన్నెస్ట్ అని రెండో జంటను కూడా కూర్చోబెట్టడం మీద. మమ్మటుడు కావ్యప్రకాశంలో రసదోషాలు చెబుతూ, వేళకాని వేళ రసాన్ని విస్తరించడానికి వేణీసంహారం రెండో అంకాన్ని ఉదాహరించాడు: వీరులు నేల కూలుతుంటే దుర్యోధనుడు భానుమతితో సరసాలాడతాడు. అప్రధానమైన దాన్ని అతిగా పెంచడమూ ఆయన లెక్కలో దోషమే. శవం ఇంకా పూడ్చకముందే సరసం మొదలుపెట్టే నవలాకారులకు ఈ రెండూ వర్తిస్తాయి.

మరొక ఆక్షేపణ: అదే రచయిత్రి 1979లో రాసిన ‘వన్ కార్ప్స్ టూ మెనీ’లో ప్రేమ లేదా? ఉంది, ఎక్కువే ఉంది. 1138లో స్టీఫెన్ రాజు ష్రూస్‌బరీ కోటను పట్టి 94 మందిని ఉరితీయిస్తాడు. పాతిపెట్టబోతూ లెక్కపెడితే శవాలు 95. అలీన్ అనే యువతిని ఇష్టపడేవాళ్లు ఇద్దరు, హ్యూ బెరింగార్, ఆడమ్ కూర్సెల్. చాలాదూరం హ్యూ మీదే మన కన్ను ఉంటుంది; హంతకుడు కూర్సెల్. ఇక్కడ ప్రేమ ఎవరికీ క్షమాభిక్ష పెట్టలేదు, హంతకుడికి ముసుగైంది. టొరోల్డ్, గాడిత్‌ల జంట మాత్రం పాత పద్ధతే. వాళ్లను అనుమానించే పాఠకుడు పుట్టలేదు. ఆక్షేపణ మన సిద్ధాంతాన్ని కొట్టలేదు, బలపరిచింది.

కాబట్టి ఈ తరహా నవలలు రాసేవారికి మనవి: మీ నాయకుడి బాణాన్ని శవంలో గుచ్చినప్పుడు, వదిలింది అతడేనేమోనని కనీసం ఒక ప్రకరణమైనా మమ్మల్ని భయపడనివ్వండి. నాయిక కన్నీళ్లు అప్పటిదాకా ఆగగలవు.